బొమ్మల మేడలో పదిహేడో ముఖం

ముప్ఫై అయిదేళ్లుగా ఆ ఊళ్లో ఫోటో దిగిన వాళ్లెవరికీ మొటిమ లేదు, మచ్చ లేదు, కళ్ల కింద ముడత లేదు. అంత నున్నటి జనం భూమ్మీద ఇంకెక్కడా ఉండరు. నమ్మకపోతే ఏ ఇంటికైనా వెళ్లి గోడ మీది పటం చూడండి. ఆ పుణ్యమంతా టచింగ్ మాస్టారిది.

మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పిన మనిషనుకునేరు. కాదు. ఫోటో స్టూడియో వెనక గదిలో, కిటికీ పక్కన, ఒక ఏటవాలు బల్ల ఉండేది. బల్ల మధ్యలో గరుకు అద్దం, దాని కింద వెలుతుర్ని పైకి తిప్పే మామూలు అద్దం. ఆ బల్ల ముందు కూర్చుని నెగటివ్‌ల మీద పెన్సిల్‌తో ముఖాలు దిద్దడం ఆయన ఉద్యోగం. నెగటివ్‌లో అంతా తిరకాసు వ్యవహారం కదా, నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. మనిషి ముఖం నల్లగా, ముఖం మీది మచ్చ తెల్లటి ఖాళీగా కనబడతాయి. దాని మీద పల్చగా వార్నిష్ పూసి, ఆరాక, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ఆ ఖాళీని చుక్క చుక్కగా పూడిస్తే ప్రింటులో మచ్చ మాయం. పెన్సిల్ చెక్కి ఉప్పుకాగితం మీద రుద్దడానికే ఆయనకు పొద్దున అరగంట పట్టేది. ఆ అరగంటలో ఎవరు పలకరించినా పలికేవాడు కాదు.

"దేవుడు హడావిడిలో చేసి పంపిస్తాడండీ. తీరుబడిగా సరిచేసేది నేను," అనేవాడు.

సరిచేయడం కూడా మామూలుగా కాదు. ఒక పెద్దమనిషి తన ఫోటో చేతికి రాగానే తిప్పి తిప్పి చూసి, "ఎవరండీ ఈ కుర్రాడు? మా వాళ్లేనా?" అని అడిగాడు. ఇంకొకాయన దరఖాస్తుకి ఫోటో అంటించి ఆఫీసుకి పట్టుకెళ్తే, గుమాస్తా కళ్లజోడు సర్దుకుని, "మీ అబ్బాయిది కాదండీ, మీది తీసుకురండి," అని వెనక్కి పంపాడు. ఇద్దరూ కోప్పడలేదు. ఎందుకు కోప్పడతారు? పోయిన ముప్ఫై ఏళ్లు తెచ్చిచ్చిన మనిషి మీద ఎవరికి కోపమొస్తుంది!

ఈ మాస్టారికి ఒక్కతే కూతురు. ఆయన పిలుపులో అమ్మలు. పుట్టడమే ఎడమ చెంప మీద గోధుమరంగు మచ్చతో పుట్టింది. పుట్టినప్పుడు కందిగింజంత, పెరిగి పెద్దయ్యేసరికి చింతగింజంత. దానివల్ల నొప్పి లేదు, బాధ లేదు, ముఖం మీద అదొకటుంది, అంతే. కాని చూడ్డానికొచ్చిన వాళ్లకి నోరు ఊరుకోదు కదా. "అయ్యో, ఆడపిల్లకి ఇదేమిటమ్మా," అని ఒకరు, "పెద్దయితే పోతుందిలే," అని ఇంకొకరు. ఓదార్పు పేరుతో పెట్టే వాతలు ఇలాగే ఉంటాయి. పాపకి మూడో నెలలో ఫోటో తీశాక మాస్టారి భార్య ప్రింటు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఊళ్లో అందరివీ చెరిపేస్తారుగా. నా బిడ్డది చెరపలేరా?" అంది. ఆయన వెళ్లి పది నిమిషాల్లో చెరిపేశాడు. ఆమె కళ్లు తుడుచుకుంది.

పిల్లకి మూడేళ్లు నిండకుండానే ఆ ఇల్లాలు జ్వరంతో పోయింది. ఆ తర్వాత తండ్రీ కూతుళ్లిద్దరే. అన్నం వండటం, జడ వేయడం, బడికి దిగబెట్టడం అన్నీ మాస్టారే. జడ మాత్రం చివరిదాకా వంకరే వేశాడు పాపం. ఏటా పుట్టినరోజుకి స్టూడియోలో ఒక ఫోటో తీసేవాడు. ఏటా ఆ మచ్చని పూడ్చేసేవాడు. నెగటివ్‌లన్నీ కాగితపు సంచుల్లో పెట్టి, తేదీలు రాసి, ఇంట్లో ఒక చెక్కపెట్టెలో దాచాడు.

ముందు గది గోడ మీద ఒక్క ఫోటో ఉండేది. ఏడాది పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లి. కుడిచేతి చూపుడువేలు వంచి పిల్ల చెంప మీద ఆనించి ఉంటుంది. అమ్మలుకి అమ్మంటే ఆ ఫోటోనే. చిన్నప్పుడొకసారి, "నాన్నా, అమ్మ వేలు అక్కడెందుకు పెట్టింది?" అని అడిగింది. "ఫోజమ్మా, ఫోటో కోసం," అన్నాడాయన. అంతటితో అయిపోయింది.

అమ్మలు పెద్దదై టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు అయింది. చెవులకు హెడ్‌సెట్టు, ముందు బోర్డు నిండా తీగలు, "నంబరు చెప్పండి" అనే గొంతు. ఊళ్లో సగం మందికి ఆ గొంతు తెలుసు. ఉద్యోగం వచ్చిన రోజున మాస్టారు వీధి వీధీ తిరిగి అందరికీ చెప్పాడు. ఆయన సంబరం చూసి కూతురు ఒక్క క్షణం ఏదో అడగబోయి ఊరుకుంది. ఏం అడగబోయిందో ఆయనకి చాలా ఏళ్లకి గాని తెలియలేదు.

ఇంతలో ఊళ్లోకి బొమ్మల మేడ వచ్చింది.

బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరైన టీచరమ్మ ఒకావిడ, కుట్టుమిషన్ల కొట్టు పైన ఖాళీగా ఉన్న పొడవాటి గది అద్దెకు తీసుకుని, గోడలకి తెల్ల సున్నం వేయించి, గ్యాలరీ అని బోర్డు పెట్టింది. అప్పటిదాకా ఆ ఊళ్లో గోడ మీద పటమంటే దేవుడిదో, పోయినవాళ్లదో, లేకపోతే క్యాలెండరో. ఆవిడ తెచ్చి తగిలించినవి ఇవేవీ కావు. ఒకదాంట్లో నీలం మీద నీలం, మూలన చిన్న పసుపు మరక. ఇంకోదాంట్లో ఇద్దరు మనుషులో రెండు కుండలో తేలదు. మొదటి నెలలో మొత్తం పదకొండు మంది వచ్చారు. అందులో నలుగురు వాన పడుతోందని ఎక్కినవాళ్లు.

కుట్టుమిషన్ల కొట్టాయన మెట్లెక్కి వచ్చి నీలం బొమ్మ ముందు నిలబడ్డాడు. "అమ్మా, ఇది పూర్తయ్యాక ఏమవుతుంది?" అని అడిగాడు.

"పూర్తయిందండీ."

"అయ్యో!" అన్నాడాయన, రోగి సంగతి అడిగితే డాక్టరు పెదవి విరిచినప్పుడు అన్నట్టు.

టీచరమ్మ నొచ్చుకోలేదు. బడిలో నలభై ఏళ్లు చేసిన మనిషి, ఇలాంటివాళ్లని ఎంతమందిని చూడలేదు! "బొమ్మ ఏంటో నన్నడక్కండి. మీకేం కనబడుతోందో చెప్పండి," అంది. ఆయన గొణుక్కుంటూ దిగిపోయాడు. మర్నాడు మళ్లీ ఎక్కాడు. వారానికి మూడుసార్లు ఎక్కసాగాడు. కొట్లో బేరం కుదరక విసుగెత్తినప్పుడల్లా పైకెళ్లి ఆ నీలం ముందు కాసేపు నిలబడితే ప్రాణం హాయిగా ఉంటుందని నెమ్మదిగా బయటపెట్టాడు. ఏడాది తిరిగేసరికి కొట్టుకొచ్చిన వాళ్లని తనే చెయ్యి పట్టుకుని, "మా మేడ మీద ఒక నీలం ఉంది, చూసి పోదురుగాని రండి," అని లాక్కుపోయేవాడు. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అన్నారా!

రెండేళ్లు పోయాక టీచరమ్మకి ఇంకో ఆలోచన పుట్టింది. ఈసారి గోడల నిండా ఫోటోలు పెడతానంది. ఊరు మళ్లీ నవ్వింది. ఫోటోలు చూడ్డానికి మేడెక్కాలా, మా ఇంట్లో లేవా అని. ఆ ఫోటోలు తీసింది పెద్దాసుపత్రి నర్సమ్మ. పాత కెమెరా ఒకటి కొనుక్కుని, డ్యూటీ లేని పూటల్లో వీధులు పట్టుకు తిరిగి, పనిచేసుకునేవాళ్లని పని మధ్యలో ఫోటోలు తీసిన మనిషి. అందులోంచి ఇరవై నాలుగు ఏరి, ఆ నెగటివ్‌లు పట్టుకుని టీచరమ్మ స్టూడియోకి వచ్చింది.

"మాస్టారూ, వీటికి పెద్ద ప్రింట్లు కావాలి. దుమ్ము చుక్కలుంటే తీసేయండి. ముఖాల జోలికి మాత్రం వెళ్లొద్దు."

"వెళ్లొద్దంటే ఎలాగమ్మా? ఈ మూటలు మోసే ఆయన్ని చూశారా? ముఖం కాదది, దున్నిన పొలం!"

"ఆ పొలమే నాకు కావాలి."

"జనం నవ్వుతారు."

"నవ్వనీయండి. రెండేళ్లుగా నవ్వించుకుంటూనే ఉన్నాగా. మాటివ్వండి, దుమ్ము తప్ప ఏదీ ముట్టుకోనని."

మాస్టారు మాటిచ్చాడు. ఇచ్చాడే గాని ప్రాణం గిలగిల్లాడింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు, ఈయనది పుట్టుకతో వచ్చింది కాకపోయినా అంత పనీ చేసింది. మొదటి మూడు నెగటివ్‌లకే చెయ్యి దురద పెట్టడం మొదలెట్టింది. పెన్సిళ్ల డబ్బా తీసి అటక మీద పెట్టాడు. నిచ్చెన వేసుకుంటే తప్ప అందకుండా, ఆ నిచ్చెన పక్కింటివాళ్లకి ఇచ్చేశాడు. మూటలాయన ముడతలు, కూరగాయలమ్మే ఆవిడ పన్ను వంకర, చెప్పులు కుట్టే తాత కంటి మీద కాయ, అన్నీ పళ్లు బిగబట్టి వదిలేశాడు. "నా కర్మ. రేపు వీళ్లంతా వచ్చి నా మీద పడతారు," అని తిట్టుకుంటూ పదహారు ప్రింట్లు వేశాడు.

పదిహేడోది బల్ల మీద పెట్టి భూతద్దం అడ్డం పెట్టుకున్నాడు. ఎవరో ఆడమనిషి, చెవులకు హెడ్‌సెట్టు, చేతిలో తీగ. పక్కసీటులో ఎవరేం జోకు వేశారో, తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. ఎడమ చెంప మీద తెల్లటి ఖాళీ.

అమ్మలు!

నర్సమ్మ ఎక్స్ఛేంజీకి కూడా వెళ్లిందని ఆయనకి తెలియదు. కూతురు చెప్పలేదు. ఇంత పెద్దగా నవ్వుతుందని కూడా ఆయనకి తెలియదు. స్టూడియోలో ఏటా "కదలకు" అంటూ తీసిన ఫోటోల్లో ఈ నవ్వు లేదు మరి. కళ్లు చెమ్మగిల్లాయి. చెమ్మగిల్లిన కళ్లతోనే లేచి, పక్కింటికెళ్లి నిచ్చెన అడిగి తెచ్చి, అటకెక్కి డబ్బా దింపాడు. వార్నిష్ పూశాడు, ఆరబెట్టాడు, పెన్సిల్ చెక్కాడు. ఇంత పని చేస్తూ, మాట తప్పుతున్నానన్న ఆలోచన ఆయన బుర్రలోకి రాలేదంటే నమ్ముతారా? నమ్మాలి. ఆయన లెక్కలో అది మచ్చ కాదు, ముఖమూ కాదు. బిడ్డ చెంప మీద పడ్డ దుమ్ము. దుమ్ము తీయమనే కదా టీచరమ్మ చెప్పింది!

ప్రదర్శన మొదలైన సాయంత్రం మేడ మెట్ల మీద చెప్పులు పట్టలేదు. తమ ముఖాలు గోడెక్కాయంటే ఎవరు రారు? మాస్టారు తిట్లు తినడానికి సిద్ధపడి ఒక మూలన ఒదిగి నిలబడ్డాడు. తిట్లు రాలేదు. మూటలాయన తన ముఖం ముందు నిలబడి, తలపాగా తీసి చంకన పెట్టుకుని, "మా నాయన! అచ్చం మా నాయన!" అన్నాడు. కూరగాయలావిడ మనవరాలిని ఎత్తుకుని, "ఎవరే అది?" అని అడిగితే ఏడాదిన్నర పిల్ల టక్కున "అవ్వ!" అని వేలు చూపించింది. ఇదే మనవరాలు ఇంట్లో ఉన్న స్టూడియో ఫోటో చూసి ఏనాడూ అవ్వ అనలేదు. మాస్టారికి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది.

డ్యూటీ దిగి అమ్మలు వచ్చింది. ఒక్కొక్కటే చూసుకుంటూ పదిహేడో ఫోటో దగ్గరికి చేరి ఆగిపోయింది. పక్కకొచ్చి నిలబడ్డ మూటలాయన ఫోటోనీ ఆమెనీ మార్చి మార్చి చూసి, "ఈ పిల్లెవరమ్మా? చక్కగా నవ్వుతోంది. మన ఊరి పిల్లలా లేదే," అన్నాడు.

ఆమె నేరుగా మూలనున్న తండ్రి దగ్గరికి వచ్చింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఇక్కడ కూడా చెరిపేశావా నాన్నా?"

"అది కాదమ్మలూ..."

"ఇరవై మూడు మందిని వదిలేశావు. నన్నొక్కదాన్నే దిద్దావు. నేనంటే అంత నామోషీయా నీకు?"

"ఛ ఛ, ఏం మాటలమ్మా అవి!"

"ఎక్స్ఛేంజీలో ఉద్యోగమొస్తే వీధంతా చెప్పుకుని తిరిగావు. అక్కడ నా ముఖం ఎవరికీ కనబడదనేగా? కాకి పిల్ల కాకికి ముద్దంటారు. కాకి పిల్లపాటి కూడా చేయనా నేను నీకు?"

ఊళ్లో అందరి ముఖాలూ దిద్దిన మనిషి కూతురి ముఖంలోకి చూడలేక గోడకేసి చూశాడు. ఆమె దిగి వెళ్లిపోయింది. టీచరమ్మ దగ్గరికొచ్చి మెల్లిగా అంది: "ప్రింటు చూసినప్పుడే అనుకున్నాను. ఇరవై మూడు మంది మనుషులు, ఒక్క బొమ్మ. మీకై మీరే చూస్తారని ఊరుకున్నాను. నాది కూడా తప్పే మాస్టారూ."

మర్నాడు పొద్దున అమ్మలు గుడ్డసంచిలో బట్టలు సర్దుకుంది. "ఎక్స్ఛేంజీ క్వార్టర్లో గది ఖాళీగా ఉందట. డ్యూటీ అయ్యాక అటే వెళ్తాను," అని చెప్పి గుమ్మం దాటింది. మాస్టారు ముందు గదిలో చాలాసేపు నిలబడ్డాడు. ఆ ఇంట్లో ఆమె గొంతు లేని రోజు ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ ఊహించుకోలేదు. భార్య పోయినప్పుడు ఏడవడానికి కూడా తీరిక లేకుండా పెంచుకున్న పిల్ల. ఈ సాయంత్రం దాకానే గడువు.

చెప్పులేసుకుని స్టూడియోకి నడిచాడు. నెగటివ్ మీద కత్తితో గీకేసింది తిరిగి రాదు గాని, పెన్సిల్‌తో పూడ్చింది తీసేయొచ్చు. టర్పెంటైన్‌లో దూది ముంచి నెగటివ్ మీద తుడిచాడు. వార్నిష్ కరిగింది, దాంతో పాటు పెన్సిల్ పనీ దూదికి నల్లగా అంటుకుని వచ్చేసింది. ముప్ఫై అయిదేళ్లలో తను చేసిన పనిని తను చెరుపుకోవడం అదే మొదటిసారి. కొత్త ప్రింటు వేసి, ఆరబెట్టి, మధ్యాహ్నానికల్లా పట్టుకెళ్లి పదిహేడో మేకుకి తగిలించాడు. తర్వాత కిందికి దిగి కుట్టుమిషన్ల కొట్టాయన్ని ఫోను అడిగాడు.

"నంబరు చెప్పండి," అంది కూతురి గొంతు.

"అమ్మలూ, నేను."

"నంబరు చెప్పండి."

"నంబరేం లేదమ్మా, నీతోనే మాట్లాడాలి."

"ఇది డ్యూటీ టైము. నంబరు లేకపోతే పెట్టేయండి."

మాస్టారు చెమట తుడుచుకున్నాడు. "అయితే బొమ్మల మేడ కింద కుట్టుమిషన్ల కొట్టు నంబరివ్వు."

"మీరు మాట్లాడుతున్నదే అక్కడినుంచి."

"ఖాళీగా లేదా?"

"లేదు. ఎవరో ఒకాయన ఊరికే పట్టుకు కూర్చున్నారు."

"అయితే ఆ మహానుభావుడు పెట్టేసేదాకా ఆగుతాను. ఈలోగా ఒక మాట చెప్తాను, విను. వినకపోయినా పర్లేదు, నేను చెప్తాను."

లైను తెగలేదు. కొట్టాయన మర్యాదగా వీధికేసి తిరిగి, చెవులు మాత్రం ఇటే పెట్టాడు.

"నామోషీ కాదమ్మా, భయం. నీకు మూడో నెలలో మీ అమ్మ ఫోటో చూసి ఏడ్చింది. చెరిపేయమంది. చెరిపేశాను. మీ అమ్మ పోయింది, ఆ మాట మాత్రం నా చేతిలో ఉండిపోయింది. నిన్నెవరైనా ఏమైనా అంటే నేనేం చేయగలను? ఊరి నోరు మూయించలేను. నాకు తెలిసిన విద్య ఒక్క పెన్సిలే. దుమ్ము తీసినట్టు తీస్తూ వచ్చాను. అది దుమ్ము కాదు, నువ్వేనని నిన్న నువ్వడిగేదాకా నాకు తట్టలేదు. ముసలి మొద్దుని."

ఎవరో ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"ఏడుస్తున్నావా అమ్మలూ?"

"నేను కాదు. మా సూపర్‌వైజరమ్మ," అంది కూతురు. వెంటనే ఎక్కడో టక్కుమని ఒక లైను మూతపడింది. ఆమె గొంతు తగ్గించి అడిగింది: "ఉద్యోగం సంగతి?"

మాస్టారు అబద్ధం చెబుదామా అనుకున్నాడు. నాలుక దాకా వచ్చింది కూడా. "కొంచెం అదీ ఉంది," అన్నాడు. "ఎవరూ నిన్ను చూసి ఏమీ అనరు కదా, నువ్వు సుఖంగా ఉంటావు కదా అనుకున్నాను. నువ్వు అక్కడ అలా నవ్వుతావని నాకేం తెలుసు? నీ నవ్వు చూడ్డానికి నర్సమ్మ ఫోటో తీసి చూపించాల్సొచ్చింది. నాకు సిగ్గేస్తోందమ్మా. నీ ముఖం చూసి కాదు, నన్ను చూసుకుని."

అవతల ఒక తీగ పీకి ఇంకోచోట గుచ్చిన చప్పుడైంది.

"మూడు నిమిషాలయింది," అంది ఆమె. లైను తెగిపోయింది.

మాస్టారు మేడెక్కి, టీచరమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని మెట్లవైపే చూస్తూ ఉండిపోయాడు. కొట్టాయన రెండుసార్లు టీ పంపించాడు. రెండూ చల్లారిపోయాయి. అయిదున్నరకి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అమ్మలు. భుజాన గుడ్డసంచి. తండ్రికేసి చూడలేదు. నేరుగా పదిహేడో ఫోటో ముందుకెళ్లి నిలబడింది.

మూటలాయన ఆ రోజు పెళ్లాన్ని వెంటబెట్టుకొచ్చి తన ముఖం చూపిస్తున్నాడు. పక్క ఫోటో మీదికి చూపు తిప్పి, ఆమెని చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అమ్మా! ఇది నువ్వేగా! నిన్న లేదే ఈ ఫోటో? ఎవరో పరాయి పిల్లది ఉందిక్కడ!"

"నేనే," అంది అమ్మలు. ఆ వెంటనే నవ్వింది, ఫోటోలో ఉన్నట్టే, తల వెనక్కి వాల్చి. మాస్టారు స్టూలు మీదినుంచి లేవలేక అక్కడే కూర్చుని ఆ నవ్వుని కళ్లారా చూశాడు.

వెళ్లేటప్పుడు గుడ్డసంచి తీసి తండ్రి చేతికిచ్చింది. "పట్టుకో. బరువుగా ఉంది," అంది. ఇంటి దారిలో సగం దూరం వెళ్లాక అడిగింది: "పెట్టెలో ఉన్నవి కూడా తుడవచ్చా నాన్నా?"

"పెన్సిల్ పని మొత్తం వచ్చేస్తుందమ్మా. మొదటిదానికి మాత్రం వార్నిష్ కూడా వేయకుండా తొందరపడి రంగు పూసేశాను. అదొక్కటీ రాదు."

ఆ ఆదివారం పొద్దున్నే ఇద్దరూ కిటికీ దగ్గర చాప వేసుకుని కూర్చున్నారు. చెక్కపెట్టె, టర్పెంటైన్ సీసా, దూది. కొత్తవాటి నుంచి పాతవాటికి వెళ్లారు. తుడిచిన నెగటివ్‌ని అమ్మలు వెలుతురుకి ఎత్తి పట్టుకునేది. నల్లటి ముఖంలో ఆ ఒక్కచోట కిటికీ వెలుగు కళ్లకి కొట్టేది. ముప్ఫయ్యో ఏడు, ఇరవయ్యో ఏడు, పదో ఏడు. వెనక్కి వెళ్లేకొద్దీ మచ్చ చింతగింజ నుంచి కందిగింజవైపు తగ్గుతూ పోయింది. మధ్యమధ్య, "ఈ వంకర జడ చూడు!" అని ఆమె వెక్కిరించింది. "జడకి కూడా టచింగ్ చేయాల్సింది," అన్నాడాయన. ఇద్దరూ నవ్వుకున్నారు.

ముందు గది గోడ మీది ఫోటో నెగటివ్, ఏడాది పిల్లా తల్లీ ఉన్నది, గాజుపలక. దాన్ని మాస్టారే తుడిచాడు. వార్నిష్ గట్టిపడి ఒక పట్టాన రాలేదు. నెమ్మదిగా కరిగాక పలకని పైకెత్తి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు అలాగే ఉండిపోయాడు.

"ఏంటి నాన్నా?"

ఆయన పలకని కూతురికిచ్చాడు. పిల్ల చెంప మీద కందిగింజంత వెలుగు. దాని అంచునే, సరిగ్గా దాని అంచునే, తల్లి చూపుడువేలు.

"ఫోజు కాదమ్మా," అన్నాడు మాస్టారు. "మర్చేపోయాను. రోజూ నిన్ను పడుకోబెడుతూ దాన్ని ఇలా నిమిరేది. నిమిరితే గాని నీకు నిద్ర పట్టేది కాదు. చిట్టిచుక్క అని పేరు కూడా పెట్టుకుంది."

"మరి చెరిపేయమందన్నావు?"

"ఒక్కసారి. మూడో నెలలో, ఒకే ఒక్కసారి. ఈ ఫోటోకి ఆవిడ నన్నేమీ అడగలేదు. అడగకుండానే నేను చెరిపేశాను. మీ అమ్మ వేలు దేనిమీద పెట్టిందో దాన్నే తీసేశాను."

అమ్మలు పలకని మెల్లిగా చాప మీద పెట్టింది. కళ్లనీళ్లు జారుతున్నా తుడుచుకోలేదు. ముఖం తండ్రివైపు తిప్పి, ఎడమ చెంప ముందుకు పెట్టింది.

"ఎలా నిమిరేది?"

మాస్టారు చూపుడువేలు వంచి, ఆ మచ్చ అంచున ఆనించి, ఒకసారి కిందికి, ఒకసారి పైకి కదిపాడు. ముప్ఫై ఏళ్లలో దాన్ని ఆయన నెగటివ్ మీద తప్ప ముట్టుకోలేదు. వేలికున్న పెన్సిల్ నలుపు ఆమె చెంపకి అంటింది. అది చూసి ఆయన గబుక్కున దూది అందుకోబోయాడు.

"ఉండనీ నాన్నా," అంది అమ్మలు.

మాస్టారు దూది కింద పెట్టేశాడు.